కరెంటొచ్చేదాకా మాత్రమే

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఇంటి పక్కన కొత్తగా లేచిన అపార్టుమెంటు వాళ్లు జనరేటరు వేశారు. గోడ అవతల అది ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, దడదడమని అందుకుంది. కాసేపటికి డీజిలు పొగ కిటికీలోంచి వచ్చి నేను తింటున్న గంజన్నం మీద కూర్చుంది. కోడలు కిటికీ మూయబోతే వద్దన్నాను. "పొగ పీల్చుకుంటారేటి మావయ్యా, మీకేటైనా అయితే మీ అబ్బాయి నన్నంటాడు" అని విసుక్కుంది. ఆ పిల్లకి ఏమని చెప్పను? ఆ పొగలో నాకొక మనిషి కనిపిస్తుంది. తడిసిన చెప్పులు చేత పట్టుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పంపుహౌసు ముందు బురదలో నిలబడ్డ మనిషి.

ఆవిడ పేరు రత్నకుమారి. మా మునిసిపాలిటీలో నీటి సరఫరా చూసిన అసిస్టెంటు ఇంజనీరు. మీలో ఎవరూ ఆవిడని చూసి ఉండరు. చూసినా గుర్తు పెట్టుకునేంత ఆకారం కాదు. పొట్టి మనిషి, నూనె పెట్టి బిగించిన జడ, ఎప్పుడూ ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టుండే నడక. గొంతు మాత్రం పెద్దది. తండ్రి బాప్టిస్టు మిషను బడిలో పంతులుగా చేసి పోయాడట. ఆదివారం చర్చి నుంచి నేరుగా పంపుహౌసుకి వచ్చేవారు. సంచిలో బైబిలూ, పైపులు బిగించే రెంచీ పక్కపక్కనే ఉండేవి. వయసులో నాకంటే చాలా చిన్న. అయినా నాకు గురువెవరని అడిగితే నేను ఆవిడ పేరే చెబుతాను, ఎందుకంటే బడిలో నాకు గురువులు లేరు.

అయిదో తరగతితో నా చదువు అయిపోయింది. సాలూరులో లారీ క్లీనరుగా చేరి, డ్రైవరునై, ఆఖరికి ఒక పాత లారీ కొని దానిమీద నీళ్ల ట్యాంకు కట్టించుకున్నాను. చదవడం మాత్రం మానలేదు. ఆఫీసు గోడలకి అతికించే టెండరు నోటీసులే నాకు వాచకాలు. "షరతులు వర్తిస్తాయి" అని రాసి ఉంటే ఆ షరతులేవో చెప్పేదాకా గుమాస్తాని కదలనిచ్చేవాడిని కాను. "అయిదో క్లాసోడికి ఇన్ని అనుమానాలేటిరా బాబూ" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు, కాకపోతే ఇప్పుడు మండడానికి కూడా ఓపిక కావాలి.

మా ఊళ్లో కొండవీధి అని ఒక పేట ఉంది. కుళాయి నీళ్లు అంత ఎత్తు ఎక్కవు. ఏడాది పొడుగునా ట్యాంకర్లే అక్కడికి నీళ్లు మోయాలి. బోరు మునిసిపాలిటీది, దాన్ని నడిపే కరెంటూ మునిసిపాలిటీదే. ట్యాంకరు, డ్రైవరు, బండికి పోసే డీజిలు మావి. ట్రిప్పుకి ఇంతని మునిసిపాలిటీ వాళ్లు ఏడాదికి ఒకసారి మాకు రేటు ఖాయం చేసేవారు. ఆ పని నాకూ, వరసకి నాకు బావమరిదైన బంగార్రాజుకీ వచ్చింది. బంగార్రాజు చెడ్డవాడని చెప్పను. గిట్టుబాటు కాని పని ఎలా చేస్తే గిట్టుతుందో తెలిసినవాడు, అంతే.

మేడమ్ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒక పొద్దున కొండవీధి మలుపులో బంగార్రాజు ట్యాంకరు ఆపించారు. ఆపి, కింద నుంచి అడగలేదు. వెనక నిచ్చెన పట్టుకుని ఎక్కి, మూత తీసి, లోపలికి తొంగి చూశారు. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ట్యాంకులో నీళ్లు చాలా అడుగున ఉన్నాయి.

"ఏమయ్యా, మిగతా నీళ్లు ఎక్కడ దిగిపోయాయి?" అని పైనుంచే అడిగారు.

"రేటు సాలట్లేదు మేడమ్. టైర్ల ధర సూసినారా? ఆ రేటుకి నిండా మోస్తే నానే మునిగిపోతాను" అన్నాడు బంగార్రాజు.

మేడమ్ తిట్టలేదు. కిందికి దిగి, చీర దులుపుకుని, "చాలకపోతే ఆఫీసుకొచ్చి నా బల్ల గుద్ది అడుగు. ట్యాంకులో దాచి అడక్కు. నువ్వు పెంచుకున్న రేటు ఈ అమ్మల బిందెల్లోంచి పోతోంది" అన్నారు.

ఆడవాళ్లలో ఒకామె, "అలగడుగు తల్లీ!" అని చప్పట్లు కొట్టింది. బంగార్రాజు మొహం చిన్నబోయింది. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అప్పటిదాకా నేను చూసిన ఆఫీసర్లలో సగం మంది రేటు పెంచమంటే గెంటేసేవారు. మిగతా సగం పక్కకి పిలిచి పెంచేవారు. బల్ల గుద్ది అడగమన్నవాళ్లని నేను చూడలేదు.

ఆ తర్వాత తుపాను వచ్చింది. మా వైపు తుపాన్లు చుట్టాల్లాంటివి, చెప్పకుండా వస్తాయి, ఉన్నదంతా తిని పోతాయి. కానీ ఆ ఏడు వచ్చింది చుట్టం కాదు. కరెంటు స్తంభాలు తొక్కిన వరిచేనులా పడిపోయాయి. ఫోన్లు లేవు. ఊరు వెళ్లిన కమిషనరు గారు దారిలో ఎక్కడో చిక్కుకుపోయారు. కరెంటు లేకపోతే బోరు లేదు, బోరు లేకపోతే ట్యాంకరు ఖాళీ డబ్బా. కొండవీధి వాళ్లు పాడుపడ్డ బావిలో బురదనీళ్లు తోడుకున్నారు. పిల్లలకి వాంతులు, విరోచనాలు పట్టుకున్నాయి.

ఊళ్లో బోరుని నడపగలిగిన జనరేటరు ఒక్కటే ఉంది. అది షామియానా కొట్టు సూర్నారాయణది, పెళ్లిళ్లకి అద్దెకిచ్చేవాడు. అతను చెప్పిన అద్దె వినగానే నాకు కళ్లు తిరిగాయి. నేను నా జేబులోంచి ఇస్తే వారం తిరక్కుండా ట్యాంకరు ఫైనాన్సువాడి పాలవుతుంది. ఇవ్వకపోతే పైనున్న పిల్లలు. బంగార్రాజు అప్పటికే బండికి తార్పాలు కప్పేసి ఇంట్లో పడుకున్నాడు. నేను పంపుహౌసు మెట్టు మీద కూర్చుని ఉండగా మేడమ్ బురదలో నడుచుకుంటూ వచ్చారు. సూర్నారాయణని కూడా అక్కడికే పిలిపించారు.

"సూర్నారాయణా, పెళ్లికి ఎంతకిస్తావు?"

"పెళ్లి వేరు మేడమ్. పెళ్లికి కాసేపు ఆడి ఆగిపోతాది. ఇక్కడ పొద్దస్తమానం ఆడాల. ఇంజను కాలిపోతే కొత్తది మీరు కొనిస్తారేటి?"

"కాలితే బాగుచేయించే ఖర్చు అప్పుడు వేరే అడుగు, ఇస్తాం. కాలకముందే అద్దెలో కలిపేసుకోకు" అన్నారు. సూర్నారాయణ బుర్ర గోక్కున్నాడు. అద్దె కొంత దిగింది.

తర్వాత నా వైపు తిరిగారు. "మీకేం పెరిగింది?"

"అన్నీ పెరిగాయి మేడమ్."

"అన్నీ ఎందుకు పెరుగుతాయి? డ్రైవరు జీతం పెంచారా?"

"లేదు."

"టైర్లు మార్చారా?"

"లేదండీ."

"అయితే జనరేటరు అద్దె, దాని డీజిలు. అంతేకదా? ఆ రెండూ వేరే ఇస్తాను. ట్రిప్పు రేటు ముట్టుకోను. ఇది కరెంటొచ్చేదాకా మాత్రమే."

నేను టెండరు షరతులు చదివినవాడిని. ఊరుకోలేక, "పెంచడానికి మీకు అధికారం ఉన్నాదా మేడమ్?" అని అడిగాను.

"లేదు" అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకుంటారని నేననుకోలేదు. "కమిషనరు గారు దొరికేదాకా ఆగమంటే పైన పిల్లలు ఆగరు. నా పేరు మీద రాస్తాను. ఒక్క మాట, సింహాచలం గారూ. పెరిగాయని చెప్పింది మీరే. తగ్గించమనీ మీరే రావాలి. నేను కబురు పెట్టను."

ఆ మాటల్ని పంపుహౌసు తలుపు మీద సుద్దతో పెద్దక్షరాల్లో రాయించారు. అదనంగా ఎంత, దేనికి, ఎప్పటిదాకా. నీళ్లకి వచ్చినవాళ్లు చదువుకున్నారు, చదువురానివాళ్లు చదివించుకున్నారు. "నీళ్లకి కూడా రేటు పెంచీసినారేటి మేడమ్, మా పన్నుల్లోదే కదా?" అని ఒక ముసలామె నిలదీసింది. "పెంచాం పెద్దమ్మా. కరెంటొచ్చాక కూడా తగ్గకపోతే నా జడ పట్టుకుని అడుగు" అన్నారు మేడమ్. నేను పోసిన నీళ్లకి ఎవరెంత ఇస్తున్నారో పోయించుకునేవాళ్లకి తెలియడం నా జన్మలో అదే మొదలు. నాకు అవమానంగా అనిపించింది. ఒకటి రెండు రోజులు పోయాక అవమానం తగ్గింది. నన్ను దొంగా అనేవాళ్లు కూడా తగ్గారు. అది చూసి బంగార్రాజు కూడా తార్పాలు విప్పి బండి బయటికి తీశాడు.

బోరు లైనుకి ఒక మధ్యాహ్నం కరెంటు వచ్చింది. ఊళ్లో ఇంకా చాలా చోట్ల లేదు. ఆసుపత్రి అదే లైను మీద ఉందని ముందు దాన్ని బాగుచేశారు. పంపుహౌసులో బల్బు వెలిగింది. జనరేటరు ఆపాం. ఆ ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో బంగార్రాజు బీడీ వెలిగించుకుని నా పక్కన చేరాడు.

"బావా, కరెంటొచ్చిందని ఎవడికి తెలుసు? బిల్లు అయ్యేదాకా జనరేటరు సప్పుడు సెవుల్లో ఉంచుకో" అన్నాడు.

"తలుపు మీద రాసుంది కదరా."

"సుద్దే కదా. వానొస్తే పోతాది."

నాలో ధర్మం పొంగుకొచ్చి నేను ఆఫీసుకి వెళ్లానని అనుకోకండి. "నేను కబురు పెట్టను" అన్న మాట నాకు ములుకులా గుచ్చుకుంది. నేను వస్తానో రానో చూద్దామనుకుంటున్నారా, చూడండి మరి, అని పంతం పట్టి వెళ్లాను. గదిలోకి వెళ్లి, నిలబడే, "కరెంటొచ్చింది మేడమ్. అదనం తీసేయండి. తీసేయమన్నానని కాగితం మీద కూడా రాసిస్తాను" అన్నాను, దెబ్బలాటకి వచ్చినవాడిలాగ.

"తెలుసండీ. లైన్‌మాన్ అప్పుడే చెప్పి వెళ్లాడు."

"తెలిసి కబురు పెట్టలేదేం?"

"పెట్టనని చెప్పాను కదా. కూర్చోండి. టీ తాగుతారా?"

ఆ టీ నీళ్లలా ఉంది. తాగాను. ఇంటికి నడుస్తుంటే నేనేదో కొంచెం పొడుగైనట్టు అనిపించింది. ఈ మాట అప్పట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదు, నవ్వుతుందని.

ఇక్కడితో ఆగిపోతే ఇది బడిపిల్లలకి చెప్పే కథ అయ్యేది. కొన్ని నెలల తర్వాత లెక్కల తనిఖీవాళ్లు వచ్చారు. అధికారం లేని ఉద్యోగి అదనం మంజూరు చేసిందని అభ్యంతరం రాశారు. జిల్లా నుంచి ఒక విచారణ అధికారి దిగాడు. ఆ రోజుల్లోనే చెత్త ట్రాక్టర్లవాళ్లకీ, చెట్లు తీసిన పొక్లెయినువాళ్లకీ కూడా తుపాను పేరు చెప్పి రేట్లు పెంచారు. అవి కౌన్సిలు తీర్మానంతో పెరిగాయి. ఎప్పటిదాకా అన్న మాట అందులో లేదు. తుపాను పోయింది, చెట్లు మళ్లీ చిగిర్చాయి, ఆ రేట్లు మాత్రం ఎక్కిన కొమ్మ దిగలేదు. వాటికి కాగితం ఉంది కాబట్టి అభ్యంతరం లేదు. పెరిగి, పని తీరగానే దిగిపోయిన రేటు ఊరంతటిలో ఒక్కటే ఉంది. విచారణ దాని మీద.

నన్ను పిలిచారు. ఆ అధికారి నేను రాసిచ్చిన కాగితం పట్టుకుని, "తగ్గించమని నువ్వే అడిగావా?" అన్నాడు.

"నేనే."

"ఎందుకు?"

"కరెంటొచ్చింది కాబట్టి."

అతను కళ్లద్దాలు తీసి నవ్వాడు. "నా సర్వీసులో తగ్గించమని వచ్చిన కాంట్రాక్టరుని చూడలేదయ్యా. చెప్పు, నీకూ ఆవిడకీ మధ్య ఒప్పందం ఏమిటి? ముందు ఎక్కువిచ్చారు, గొడవవుతుందని తెలిసి ఆపేయమన్నారు. అంతేనా?"

"అయ్యా, దించనోళ్లని ఒదిలీసి, దించినోడిని దొంగంటారేటి?" అని అరిచాను. "పంపుహౌసు తలుపు మీద ఊరందరికీ రాసిపెట్టి చేసుకున్న ఒప్పందం ఏటుంటాది? కొండవీధికి ఎల్లి అడగండి!" బయట బంట్రోతు లోపలికి తొంగి చూశాడు. మేడమ్ పక్క కుర్చీలో కూర్చుని, "సింహాచలం గారూ, నెమ్మది" అన్నారు. ఆవిడ తన గురించి చెప్పింది ఒకటే: "అధికారం లేదని నాకు తెలుసండీ. తెలిసే సంతకం పెట్టాను." ఆ అధికారి రాసుకున్నది ఆ మాట ఒక్కటే. కొండవీధికి ఎవరూ వెళ్లలేదు.

ఆవిడకి ఇంక్రిమెంటు ఆపారు. దూరం బదిలీ చేశారు. రావలసిన ప్రమోషను పక్కనుంచి వెళ్లిపోయింది. ఆవిడ తర్వాత వచ్చిన ఇంజనీరు తెలివైనవాడు. ఎవరు ఏది అడిగినా "రూల్సు ఒప్పుకోవు" అనేవాడు. మరుసటి వేసవిలో డీజిలు పెరిగితే అడిగి లేదనిపించుకున్నాను. బంగార్రాజు అడగనే లేదు. అతని ట్యాంకులో నీళ్లు మళ్లీ అడుక్కి దిగాయి. ఈసారి నిచ్చెన ఎక్కేవాళ్లు లేరు. నేను పని వదులుకుని ట్యాంకరు అమ్మేశాను. "నువ్వు బతకడం తెలీనోడివి బావా" అన్నాడు బంగార్రాజు, వెక్కిరింపుగా కాదు, జాలిగా. ఆ జాలే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆవిడ రిటైరయ్యాక ఆమదాలవలసలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారని తెలిసి ఒకసారి రైలెక్కి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. గొంతు మాత్రం అలాగే ఉంది. కొండవీధికి కుళాయిలు వచ్చాయా అని అడిగారు. ఇంకా రాలేదన్నాను. నేనేమో వెళ్లింది ఒక ప్రశ్న కోసం. ఎన్నాళ్లుగానో గొంతులో ముల్లులా ఉన్నది.

"మేడమ్, ఆ రోజు తగ్గించమని నేను రాకపోయుంటే, ఆ కాగితం ఇవ్వకపోయుంటే, మీకీ శిక్ష తప్పేదా?"

కాదని అంటారనుకున్నాను. పెద్దవాళ్లు అలాగే కదా అంటారు. ఆవిడ ఆలోచించి, "తప్పేదేమో" అన్నారు. "అదనం అలా నడుస్తూనే ఉంటే కౌన్సిలులో అందరి రేట్లతో కలిపి పెట్టేసేవారు. ఎవరూ చూసేవారు కాదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ చెల్లెలు తెచ్చిన జంతికల పళ్లెం నా వైపు జరిపారు. "కానీ ఒకటి చెప్పండి. మీరు రాకపోతే నేనిచ్చింది తాత్కాలికం అని ఎలా తెలుస్తుంది? ఇచ్చేటప్పుడు అందరూ తాత్కాలికమనే ఇస్తారు. దిగినప్పుడే కదండీ అది నిజమయ్యేది. తినండి, మెత్తబడిపోతాయి."

అదే ఆఖరు చూడ్డం. ఆవిడ పోయారని నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఊళ్లో ఎవరూ సంతాపసభ పెట్టలేదు, నేను పెట్టమని అడగనూ లేదు. అడగడాలు అప్పటికే చాలా చేసి ఉన్నాను.

ఇప్పుడు నేను మా వీధరుగు మీద కూర్చుని అడిగినవాళ్లకి అర్జీలు రాసిపెడుతుంటాను. డబ్బులు తీసుకోను. ఎవరికి రేటు పెంపు అర్జీ రాసినా ఆఖరున ఒక వాక్యం రాస్తాను. అది చూసి సగం మంది చింపేసుకుని పోతారు. మొన్నటి చలికి నాగమణి వచ్చింది. మునిసిపల్ బడుల మధ్యాహ్న భోజనానికి కోడిగుడ్లు సరఫరా చేస్తుంది. చలికాలం గుడ్డు ధర ఎక్కి కూర్చుందని, పాత రేటుకి గిట్టడం లేదని ఆవిడ గోడు.

"తాతా, కడాకరి ముక్క ఏటిది?" అంది.

చదివి వినిపించాను. "గుడ్డు ధర దిగిన రోజున నేనే ఆఫీసుకు వచ్చి ఈ పెంపు తీసేయమని కోరతాను."

"అదెందుకు? తీసీ."

"తీస్తే నేను రాయను. బజార్లో కంప్యూటరు సెంటరు ఉంది, ఎల్లు."

"ఆడు డబ్బులడుగుతాడు, నువ్వు ఊరికే రాస్తావనే కదా వొచ్చినాను" అని నవ్వి, మెట్టు మీద కూలబడింది. అప్పుడు మేడమ్ సంగతి చెప్పాను, ఇక్కడ మీకు చెప్పినట్టే. శ్రద్ధగానే వింది.

"అయితే ఆవిడకి మంచి జరిగిందా?"

"లేదు."

"నీకు?"

"నాకూ లేదు."

"మరి నన్నెందుకు అందులోకి లాగుతన్నావు తాతా?"

మంచి ప్రశ్న. నేను చదివిన నోటీసులు వేటిలోనూ దానికి జవాబు లేదు. తోచింది చెప్పాను. "దిగాక నువ్వు ఎల్లకపోతే, మళ్లీ ఎక్కినప్పుడు నిన్ను నమ్మరు. నమ్మకపోతే రేటివ్వరు. రేటివ్వకపోతే నువ్వు గోలీకాయలంత గుడ్లు ఏరి పంపుతావు. తినేది పిల్లలు."

"నానలాటి పని సెయ్యను!"

"గిట్టకపోతే ఎవరైనా సేస్తారమ్మా. మా బావమరిది సెడ్డోడు కాదు."

నాగమణి చీర చెంగుకి వేలు తుడుచుకుని, పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం నొక్కి నొక్కి సంతకం పెట్టింది. కాగితం మడిచి జాకెట్లో దోపుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"అయితే గుడ్డు దిగినప్పుడు ఒక్క ఫోను కొట్టు తాతా, మరిసిపోతాను."

"కొట్టను" అన్నాను.